కామ్‌లెక్స్ ఒక్కటే చాలా, యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయించాలా?

డల్లాస్ నుంచి అడిగినవారికి నమస్కారమండీ. మీ అమ్మాయి డీఓ (అమెరికాలో డాక్టరయ్యే రెండు డిగ్రీల్లో ఒకటి, రెండోది ఎండీ) రెండో సంవత్సరం, జూన్‌లో డీఓల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్ లెవెల్ 1 రాయాలి. గుంటూరులో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణ) తెచ్చుకున్న మీ బావమరిది కొడుకేమో "యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోరు లేకపోతే ఎవరూ మొహం కూడా చూడరు, రెండూ రాయించండి మామయ్యా" అన్నాడు. యూఎస్‌ఎంఎల్‌ఈ అంటే ఎండీలూ, విదేశాల్లో చదివి వచ్చినవాళ్లూ రాసే లైసెన్సు పరీక్ష; స్టెప్ 1, స్టెప్ 2 సీకే అన్నవి దాని మెట్లు. అమ్మాయి మాత్రం "నాకు ఒక్క పరీక్షకే ఊపిరాడటం లేదు" అంటోంది. ఆమె మనసులో ఇంటర్నల్ మెడిసిన్ ఉంది, కుదిరితే ఆ తర్వాత కార్డియాలజీ. ఎవరి మాట వినాలని మీరు అడిగారు. దాంతోపాటు డీఓ అంటే చిన్నచూపు ఉంటుందా, ఎన్ని ప్రోగ్రాములకి అప్లై చెయ్యాలి అని కూడా అడిగారు.

నేను కాకినాడ రంగరాయలో ఎంబీబీఎస్ చదివి, మీ మేనల్లుడి దారిలోనే ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో ఒక కమ్యూనిటీ ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ ఫ్యాకల్టీని. ఏటా సెప్టెంబరు చివర అప్లికేషన్లు తెరిచి ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చే నలుగురిలో ఒకణ్ణి. మా రెసిడెంట్లలో డీఓలు చాలామందే ఉన్నారు. కాబట్టి ఇది టేబుల్‌కి ఆ పక్కన కూర్చునేవాడి మాట అనుకోండి.

ముందుగా మీ మేనల్లుడి సంగతి. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ అది అతని దారికి సంబంధించిన నిజం. ఇండియాలో చదివి వచ్చినవాళ్లకి విదేశీ డిగ్రీలని పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ సర్టిఫికెట్ కావాలి, దానికి స్టెప్ 1, స్టెప్ 2 సీకే తప్పనిసరి. మాకు ఇంకో దారి లేదు. పైగా 2025 మ్యాచ్‌లో, అంటే రెసిడెన్సీ సీట్లు కేటాయించే ప్రక్రియలో, అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లకి సీటు దొరికింది 58 శాతం మందికే. అందుకే మేమంతా స్కోరును పట్టుకుని వేలాడతాం. అదే ఏడాది డీఓ చివరి సంవత్సరం విద్యార్థుల్లో 92.6 శాతం మంది మ్యాచ్ అయ్యారు. ఎండీ వాళ్లకి 93.5. అంటే మీ అమ్మాయి నిలబడింది మా వరసలో కాదు, ఎండీల పక్క వరసలో. మా భయాలు ఆమెకి అరువివ్వకండి.

అలాగని ఆ రెండు అంకెలూ చూసి రెండూ ఒకటే అనుకున్నా పొరపాటే. డీఓల్లో దాదాపు సగం మంది ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ వైపు వెళ్తారు. డెర్మటాలజీ, ప్లాస్టిక్ సర్జరీ, న్యూరోసర్జరీ, ఈఎన్‌టీ లాంటి చోట్ల డీఓలు చాలా తక్కువ. 92.6లో ఎవరు దేనికి అప్లై చేశారన్నది కనపడదు.

ఇక అసలు ప్రశ్న. డీఓ డిగ్రీ చేతికి రావాలంటే కామ్‌లెక్స్ లెవెల్ 1, లెవెల్ 2 పాసవ్వాల్సిందే. లెవెల్ 3 రెసిడెన్సీలో చేరాక రాస్తారు. లైసెన్సుకి ఈ మూడూ యాభై రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. చట్టం దృష్టిలో యూఎస్‌ఎంఎల్‌ఈ ఆమెకి అక్కర్లేదు. మరి ఎందుకు రాస్తున్నారు? ఇదివరకు డీఓలకి వేరే రెసిడెన్సీలు, వేరే మ్యాచ్ ఉండేవి. 2020 జూన్ నాటికి అన్నీ రెసిడెన్సీలకి గుర్తింపు ఇచ్చే ఏసీజీఎంఈ గొడుగు కిందికి వచ్చాయి. దాంతో జన్మలో కామ్‌లెక్స్ స్కోరు చూడని ప్రోగ్రామ్ డైరెక్టర్ల ముందుకి కూడా డీఓ అప్లికేషన్లు వచ్చి పడ్డాయి. వాళ్లకి యూఎస్‌ఎంఎల్‌ఈలో 245 అంటే వెంటనే అర్థమవుతుంది, కామ్‌లెక్స్‌లో 560 అంటే అర్థం కాదు.

ఇది నా కళ్లముందే జరిగింది. నాలుగైదేళ్ల కిందట మా కమిటీలో కొత్తగా చేరిన ఒకాయన, మంచి డాక్టరే, స్క్రీన్ మీద కామ్‌లెక్స్ లెవెల్ 2 అని 561 చూసి "ఇది ఎంతకి?" అన్నాడు. నేను "999కి, పాస్ 400" అన్నాను. "ఓహో, యాభై ఆరు శాతం" అని కిందికి జరిపేశాడు. అది శాతం కాదయ్యా, సగటు కంటే పైన ఉన్న మంచి స్కోరు అని చెప్పి ఆ అప్లికేషన్ వెనక్కి తెప్పించాను. ఆ అమ్మాయి ఇప్పుడు మా చీఫ్ రెసిడెంట్. కానీ నేను ఆరోజు కాఫీకి లేచి ఉంటే? అన్ని ప్రోగ్రాముల్లోనూ పక్కన కూర్చుని చెప్పేవాడు ఉండడు కదా. మీ మేనల్లుడి భయానికి ఉన్న అసలు ఆధారం ఇదే.

అయితే అతను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. అదే ఏడాది మే నుంచి కామ్‌లెక్స్ లెవెల్ 1 కూడా అంతే. మా రోజుల్లో స్టెప్ 1లో 250 దాటితే ఊళ్లో స్వీట్లు పంచేవాళ్లు, ఇప్పుడు ఆ 250 ఎవరికీ కనపడదు. కాబట్టి రెండో సంవత్సరం చివర అమ్మాయి స్టెప్ 1 కూడా రాస్తే ఆమెకి దొరికేది ఒక్క మాట: పాస్. కామ్‌లెక్స్ పాస్ పక్కన ఇంకో పాస్. దానికి చెల్లించేది వందల డాలర్ల ఫీజు, ఆరేడు వారాల అదనపు చదువు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక రిస్కు.

ఆ రిస్కు గురించి కాస్త ఆగి చెప్పాలి. రెండేళ్ల కిందట మాకు ఒక తెలుగు కుర్రాడి అప్లికేషన్ వచ్చింది. కామ్‌లెక్స్ లెవెల్ 1 మొదటిసారే పాస్. లెవెల్ 2 బాగుంది. మధ్యలో స్టెప్ 1 ఫెయిల్, ఆర్నెల్ల తర్వాత పాస్. ఇంటర్వ్యూలో అడగక తప్పలేదు. అతను తల దించుకుని చెప్పాడు: "ప్రాక్టీస్ టెస్టుల్లో రావడం లేదని తెలుసు సార్. కానీ డేట్ బుక్ చేసేశాం, ఇంట్లో అందరికీ చెప్పేశాం." ఎవరూ రాయమనని పరీక్ష అది. రాయకపోతే ఆ గడి ఖాళీగా ఉండేది, మేం లెవెల్ 2 చూసి ముందుకి వెళ్లేవాళ్లం. ట్రాన్స్‌క్రిప్ట్ విడుదల చేస్తే పాసైన ప్రయత్నం ఒక్కటే రాదు, పడిపోయినవి కూడా దానితోపాటే వస్తాయి. ఫెయిల్‌ని బట్టే జల్లెడ పట్టేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఆ కుర్రాణ్ణి మేం ర్యాంక్ లిస్టులో (మ్యాచ్‌కి మేం పంపే పేర్ల వరసలో) పెట్టాం. కానీ అతని అప్లికేషన్ తెరవకుండానే పక్కన పెట్టిన చోట్లు ఎన్నో అతనికీ తెలీదు, మనకీ తెలీదు.

కాబట్టి నా సలహా ఇది. స్టెప్ 1 రాయాలా వద్దా అన్నది మేనల్లుడు తేల్చకూడదు, మీరూ తేల్చకూడదు, నేనూ తేల్చకూడదు. రెండు విషయాలు తేల్చాలి: అమ్మాయి వెళ్లాలనుకునే ప్రోగ్రాముల జాబితా, ఆమె ప్రాక్టీస్ స్కోర్లు.

జాబితా సంగతి ముందు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని కూర్చోబెట్టండి, లేదా ఆమే స్నేహితురాలితో కూర్చోనివ్వండి, అది ఇంకా మంచిది. తనకి నిజంగా వెళ్లాలని ఉన్న ఇరవై ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రాములు రాయమనండి. ఒక్కోదాని వెబ్‌సైటు తెరిచి రెండు చోట్ల చూడాలి. అప్లై చేసేవాళ్లకి నియమాలు అన్న పేజీలో "కామ్‌లెక్స్ తీసుకుంటాం" అని ఉందా, "యూఎస్‌ఎంఎల్‌ఈ ఉంటే మంచిది" అని ఉందా, "తప్పనిసరి" అని ఉందా? ఆ తర్వాత ఇప్పుడున్న రెసిడెంట్ల ఫొటోల పేజీ. అక్కడ పేర్ల పక్కన డీఓ అని ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. నియమాల పేజీలో ఎంత తియ్యగా రాసినా, మూడేళ్ల బ్యాచుల్లో ఒక్క డీఓ కూడా లేకపోతే ఆ మాట రాతకే. రెసిడెంట్లలో సగం మంది డీఓలైతే వాళ్లకి 561 అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రీడా అన్న ఏఎంఏ వెబ్‌సైటులోనూ, ఏఏఎంసీ వాళ్ల రెసిడెన్సీ ఎక్స్‌ప్లోరర్‌లోనూ ఇలాంటి వివరాలు దొరుకుతాయి గానీ, ఫొటోల పేజీ అంత నిజాయితీగా ఏదీ చెప్పదు.

ఇరవైలో పదిహేను ప్రోగ్రాములకి కామ్‌లెక్స్ చాలు అని తేలితే స్టెప్ 1 వదిలెయ్యచ్చు. పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రులే ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా కార్డియాలజీ మనసులో ఉంది కాబట్టి, యూఎస్‌ఎంఎల్‌ఈ గురించి ఆలోచించాలి.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకి తెలియని దారి ఒకటుంది. స్టెప్ 2 సీకే రాయాలంటే ముందు స్టెప్ 1 పాసవ్వాలన్న నియమం లేదు. చాలామంది డీఓ విద్యార్థులు ఇప్పుడు స్టెప్ 1 వదిలేసి, మూడో సంవత్సరం చివర కామ్‌లెక్స్ లెవెల్ 2తో పాటు స్టెప్ 2 సీకే రాస్తున్నారు. స్టెప్ 2కి ఇంకా మార్కులు ఉన్నాయి, కాబట్టి ఆ శ్రమకి ఫలితం కాగితం మీద కనపడుతుంది. 245, 250 వస్తే కామ్‌లెక్స్ అర్థంకాని కమిటీకి కూడా అర్థమయ్యే భాషలో ఒక ముక్క చెప్పినట్టే. పాస్ గీత 2025 జూలై నుంచి 218. అమెరికా ఎండీ విద్యార్థుల సగటు 250 దగ్గర ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు "యూఎస్‌ఎంఎల్‌ఈ చూపిస్తే రెండు స్టెప్పులూ ఉండాలి" అంటాయి. ఆ మెలిక కూడా జాబితా చేసేటప్పుడే బయటపడుతుంది. మీ అమ్మాయి పరిస్థితిలో, ఊపిరాడటం లేదు అంటున్న పిల్లకి, నాకు అన్నిటికంటే సబబుగా కనపడే దారి ఇదే. ఇప్పుడు లెవెల్ 1 మీదే మనసు పెట్టి ఒక్క దెబ్బలో పాసవ్వమనండి. స్టెప్ 2 సంగతి వచ్చే ఏడాది ఈ టైముకి చూసుకోవచ్చు.

ఒకవేళ ఆమే స్టెప్ 1 కూడా రాస్తానంటే ఆపకండి, కానీ యూఎస్‌ఎంఎల్‌ఈ ప్రశ్నలు తయారుచేసే ఎన్‌బీఎంఈ వాళ్ల ప్రాక్టీస్ పరీక్షలు రాయించండి. అవి వారంలోపు పరీక్ష రాస్తే పాసయ్యే అవకాశం ఎంత శాతమో చూపిస్తాయి. అది తొంభై ఐదు దాటకుండా అసలు పరీక్షకి కూర్చోకూడదు. డేట్ బుక్ చేశాం, ఫీజు కట్టాం, అత్తయ్యకి చెప్పాం అన్నవి కారణాలు కావు. డేట్ మార్చుకుంటే కొంత డబ్బు పోతుంది, ఫెయిల్ మాత్రం జీవితాంతం వెంట వస్తుంది. యూఎస్‌ఎంఎల్‌ఈ అయినా కామ్‌లెక్స్ అయినా ఒక్కో పరీక్షకి ఇప్పుడు నాలుగు ప్రయత్నాలే.

రెండూ రాసేవాళ్లు మామూలుగా స్టెప్ ముందు, వారం పది రోజులకి కామ్‌లెక్స్ పెట్టుకుంటారు. ఆ మధ్య రోజులు ఓఎంఎంకి, అంటే చేతులతో చేసే ఆస్టియోపతీ భాగానికి. ఇది చిన్న విషయం కాదు. యూవరల్డ్ అనే ప్రశ్నల బ్యాంకంతా పూర్తిచేసి, కిడ్నీ నుంచి కీళ్లదాకా నోటికొచ్చిన పిల్లలు కామ్‌లెక్స్‌లో శాక్రమ్ (వెన్నెముక అడుగున ఉండే ఎముక) దగ్గర బోర్లాపడతారు. కూర్చోబెట్టి ముందుకి వంచిన పరీక్ష కుడివైపు పాజిటివ్ అని ఇస్తాడు, ఎల్ 5, అంటే నడుములో చివరి పూస, ఎటు తిరిగిందో చెబుతాడు, శాక్రమ్ ఏ ఇరుసు మీద ఎటు తిరిగిందో అడుగుతాడు. ఏటవాలు ఇరుసు పాజిటివ్ వచ్చిన వైపుకి ఎదురుగా ఉంటుందని, ఎల్ 5 శాక్రమ్‌కి వ్యతిరేక దిశలో తిరుగుతుందని గుర్తుంటే ఇరవై సెకన్ల ప్రశ్న. గుర్తులేకపోతే రెండు నిమిషాలు చెమటలు. అలాగే ఛాప్‌మన్ పాయింట్లు, అంటే లోపలి అవయవం జబ్బుని ఒంటి మీద చూపించే నొప్పి చోట్లు: కుడి పన్నెండో పక్కటెముక కొసన నొప్పి అంటే అపెండిక్స్ అనుకోవాలి. గుండెకి వెళ్లే నరాలు వెన్నులో టీ 1 నుంచి టీ 5 పూసల దగ్గర. ఇవి తెలివితో వచ్చేవి కావు, మన చిన్నప్పటి ఎక్కాల్లాగా వల్లె వెయ్యాల్సినవి. మా చీఫ్ రెసిడెంట్ అయితే ఆ పాయింట్లన్నీ తన తమ్ముడి టీషర్టు మీద మార్కర్‌తో గీసి, వాణ్ణి హాల్లో నిలబెట్టి చదివేదట. ఇప్పటికీ ఆ టీషర్టు తనని ఉతకనివ్వలేదని వాళ్లమ్మ చెబుతుంది.

కామ్‌లెక్స్ ప్రశ్న రాసే తీరు కూడా వేరు. యూఎస్‌ఎంఎల్‌ఈ ప్రశ్న పొడుగ్గా ఉంటుంది గానీ లోపల ఆధారాలన్నీ ఉంటాయి. కామ్‌లెక్స్ ప్రశ్న చాలాసార్లు పొట్టిగా, కొంచెం మసగ్గా ఉంటుంది, రెండు జవాబులు సరైనట్టే అనిపిస్తాయి. అందుకే చివరి మూడు వారాలు కామ్‌లెక్స్ కోసమే తయారుచేసిన ప్రశ్నల బ్యాంకు ఒకటి చెయ్యాలి. కామ్‌లెక్స్ పెట్టే ఎన్‌బీఓఎంఈ వాళ్ల కామ్‌సే అనే నమూనా పరీక్షలు కనీసం రెండు రాయాలి. చాలా కాలేజీలు కామ్‌సేలో ఇంత స్కోరు వస్తేగానీ అసలు పరీక్షకి పంపవు. పిల్లలు దీన్ని తిట్టుకుంటారు గానీ వాళ్ల మంచికే.

పరీక్షల గోల ఇంతటితో ఆపుతాను. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, మీరు అడగని విషయం ఒకటి మీరు అడిగినదానికంటే పెద్దది.

కమిటీలో కూర్చున్నప్పుడు డీఓ అప్లికేషన్‌లో నన్ను ఆపేది స్కోరు కాదండీ, సిఫారసు ఉత్తరాలు. చాలా డీఓ కాలేజీలకి సొంత పెద్దాసుపత్రి ఉండదు. మూడో సంవత్సరం రొటేషన్లకి పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్లలో క్లినిక్‌లకి, చిన్న ఆసుపత్రులకి పంపుతారు. అక్కడ మంచి డాక్టర్లు ఉంటారు, కానీ రోజుకి ముప్పై మంది పేషంట్లతో సతమతమవుతుంటారు. విద్యార్థి పక్కన నిలబడి చూస్తుంది, ఐదింటికి ఇంటికి వెళుతుంది. నెలాఖరుకి ఆ డాక్టర్ రాసే ఉత్తరం ఎలా ఉంటుందంటే: టైముకి వచ్చింది, మర్యాదస్తురాలు, పేషంట్లతో నవ్వుతూ మాట్లాడింది, మంచి డాక్టర్ అవుతుంది. నాలుగు వాక్యాలు. అందులో తప్పేం లేదు. కానీ అది చదివి నాకు తెలిసేదేమీ లేదు. రాత్రి రెండింటికి వార్డులో బీపీ పడిపోతున్న మనిషి దగ్గర ఈ అమ్మాయి ఏం చేస్తుంది? ఎవరికి ఫోన్ చేస్తుంది? చెయ్యాలని తోస్తుందా అసలు?

ఇంకో ఉత్తరం చెబుతాను, పోయిన ఏడాది చదివింది. ఒక హాస్పిటలిస్టు, అంటే ఆసుపత్రిలో చేరిన పేషంట్లనే చూసే డాక్టరు, రాశాడు. "ఊపిరితిత్తుల్లో నీరని చేర్చిన పేషంటుకి రెండు రోజులుగా మందు ఇస్తున్నా తగ్గడం లేదు. మూడో రోజు పొద్దున ఈ విద్యార్థి పాత చార్టులు వెతికి, ఇంట్లో వేసుకునే మందుల జాబితాలో మేమందరం చూడని, ఒంట్లో నీరు పట్టి ఉంచే నొప్పి మాత్ర పట్టుకుంది" అని మొదలుపెట్టాడు. పేజీన్నర. ఆ పిల్ల కామ్‌లెక్స్ స్కోరు మామూలే, యూఎస్‌ఎంఎల్‌ఈ రాయనేలేదు. ఇంటర్వ్యూకి పిలవడానికి నలుగురిలో ఒక్కరు కూడా రెండో మాట అనలేదు.

కాబట్టి మూడో సంవత్సరం రొటేషన్ చోట్లు ఎంచుకునే అవకాశం ఉంటే, ఇంటికి దగ్గర అని కాదు, రెసిడెంట్లు ఉన్న ఆసుపత్రి అని చూడమనండి. కనీసం ఇంటర్నల్ మెడిసిన్ నెలలైనా. మీరు డల్లాస్‌లో ఉంటూ పిల్ల వారాంతాలు ఇంటికి రావాలనుకోవడం సహజం. కానీ ఈ ఒక్క ఏడాది పప్పూ ఆవకాయా పార్సిల్ పంపి సరిపెట్టుకోండి. నాలుగో సంవత్సరం మొదట్లో ఆడిషన్ రొటేషన్లు ఉంటాయి, అంటే తను చేరాలనుకునే ప్రోగ్రాములోనే ఒక నెల పనిచెయ్యడం. వీటికి వీఎస్‌ఎల్‌ఓ అనే వెబ్‌సైటు ద్వారా అప్లై చేస్తారు, మంచి చోట్లు ముందే నిండిపోతాయి. జూలై, ఆగస్టుల్లో చేస్తే ఉత్తరం అప్లికేషన్‌కి అందుతుంది. మా దగ్గర నెలరోజులు బాగా పనిచేసిన డీఓ విద్యార్థికి స్కోరు ఎంత అని అడిగిన జ్ఞాపకం నాకు లేదు. బాగా చెయ్యకపోతే ఎంత స్కోరూ కాపాడలేదు, అది కూడా చూశాను. నెలంతా ఫోన్‌లో ప్రశ్నల బ్యాంకు చేసుకుంటూ కూర్చున్నవాడు ఒకడు ఉండేవాడు. నర్సులు వాడికి పేరు కూడా పెట్టారు, ఇక్కడ రాయను.

లెవెల్ 2, స్టెప్ 2 ఎప్పుడు రాయాలన్నది కూడా దీనితోనే ముడిపడి ఉంది. ప్రోగ్రాములు అప్లికేషన్లు చూడటం మొదలుపెట్టేది సెప్టెంబరు చివరి వారంలో. ఫలితానికి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జూలై దాటి రాస్తే మేం తెరిచే రోజుకి ఆ గడి ఖాళీగా ఉంటుంది. మొదటి విడత ఇంటర్వ్యూలు అక్టోబరులోనే పిలిచేస్తాం. "స్కోరు త్వరలో వస్తుంది" అన్న అప్లికేషన్‌ని ఆ వేలల్లో మళ్లీ వెతికి తీసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఎన్ని ప్రోగ్రాములకి అప్లై చెయ్యాలి? మీ మేనల్లుడు రెండొందలు అని ఉంటాడు. మేం అలాగే చేస్తాం, విదేశీ గ్రాడ్యుయేట్లకి గతి అదే. అమ్మాయికి అది దండగ. ఈరాస్ అనే రెసిడెన్సీ అప్లికేషన్ల వేదికలో మొదటి ముప్పై అప్లికేషన్లు ఒక్కోటి 11 డాలర్లు, ఆ పైన ఒక్కోటి 30. ఇంకా ముఖ్యంగా, ఇప్పుడు సిగ్నళ్లు వచ్చాయి. ఇంటర్నల్ మెడిసిన్‌లో 3 గోల్డు, 12 సిల్వరు, మొత్తం పదిహేను. అంటే "మీ దగ్గరికి నిజంగా రావాలని ఉంది" అని పదిహేను చోట్లకి మాత్రమే చెప్పగలరు. మా దగ్గర సిగ్నల్ ఉన్న అప్లికేషన్లు ముందు తెరుస్తాం, నిజానికి చాలాసార్లు వాటితోనే ఇంటర్వ్యూలు నిండిపోతాయి. అందుకే ఆ పదిహేనూ గొప్ప పేర్ల మీద తగలెయ్యకూడదు. మూడు గోల్డుల్లో కనీసం రెండు, తను ఆడిషన్ చేసిన చోటుకో, తన కాలేజీ పిల్లలు ఏటా వెళ్లే చోటుకో ఇవ్వాలి. సిల్వరు పన్నెండులో రెండు మూడు ఆశకి, మిగిలినవి నిలబడే చోట్లకి. పరీక్షలన్నీ మొదటిసారే పాసైన డీఓకి ఇంటర్నల్ మెడిసిన్‌లో నలభై యాభై అప్లికేషన్లు చాలు అని నా అభిప్రాయం. ఒకవేళ అమ్మాయి మనసు మారి గైనకాలజీ వైపో, ఎమర్జెన్సీ వైపో వెళితే, ఆ రెండూ ఈరాస్ వదిలేసి రెసిడెన్సీకాస్ అన్న వేరే వేదికకి మారాయని గుర్తుపెట్టుకోండి.

ఈరాస్‌లో అనుభవాలు పది రాయచ్చు, అందులో మూడిటిని ముఖ్యమైనవిగా చూపాలి. ఒక మాట చెబుతాను, నొచ్చుకోకండి. మన పిల్లల అప్లికేషన్లలో ఆ మూడూ తరచు ఒకేలా ఉంటాయి: సెలవుల్లో ఇండియా వెళ్లి మెడికల్ క్యాంపు, కూచిపూడి అరంగేట్రం, లేబొరేటరీలో ఒక వేసవి. అవి చెడ్డవని కాదు. మా అమ్మాయి అరంగేట్రానికి నేనూ రెండు ఊళ్ల జనాన్ని పిలిచాను. కానీ మీ అమ్మాయి స్కూల్లో ఉండగా తాతగారి డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు తోడెళ్లిందని మీరే రాశారు కదా, అది ఎందుకు ఆ మూడిట్లో ఉండకూడదు? మందుల పేర్లు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించిందన్నారు. అది చదివితే నేను ఆ పిల్లతో మాట్లాడాలనుకుంటాను.

కార్డియాలజీ గురించి. అది మూడేళ్ల రెసిడెన్సీ తర్వాత వేరే మ్యాచ్. అప్పుడు చూసేది ఎక్కడ రెసిడెన్సీ చేసింది, ఏం పరిశోధన చేసింది, అక్కడి కార్డియాలజిస్టులు ఏం రాశారు అని. అందుకని ప్రోగ్రాములు ఎంచుకునేటప్పుడు ఆ ఆసుపత్రిలోనే కార్డియాలజీ ఫెలోషిప్ ఉందా అని చూడటం, స్టెప్ 1 అనే ఇంకో పాస్ సంపాదించడం కంటే ఎక్కువ పనికొస్తుంది. మా దగ్గర్నుంచి డీఓలు కార్డియాలజీకి వెళ్లారు, కష్టపడ్డారు, వెళ్లారు.

ఇక చిన్నచూపు. ఉందా? కొన్ని చోట్ల ఉంది. లేదని చెబితే అబద్ధం. కొన్ని పెద్ద పేర్లున్న ప్రోగ్రాములు డీఓలని తీసుకోవు, రాతలో అనవు గానీ ఫొటోల పేజీ చెప్పేస్తుంది. ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు మాత్రం మీ పక్కనున్న డాక్టర్ ఎండీనా డీఓనా అన్నది కోటు మీద చదివితేగానీ తెలీదు, మందు చీటీ ఇద్దరూ ఒకలాగే రాస్తారు. అసలు చిన్నచూపు ఎక్కువగా నాకు కనపడింది మన ఇళ్లలోనే. "ఆస్టియోపతీనా? హోమియోపతీ లాంటిదా?" అని విజయవాడ నుంచి ఎవరో అడుగుతారు, తండ్రి మొహం చిన్నబోతుంది, ఆ చిన్నబోవడం చూసి పిల్ల ఎవరూ అడగని పరీక్షకి ఫీజు కడుతుంది. పేరులో "పతీ" ఉండటం ఒక్కటే పోలిక. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదటి కాలేజీ పెట్టినప్పుడు అది వేరే వైద్యమే. ఇప్పుడు డీఓ అంటే పూర్తిస్థాయి డాక్టరే, సర్జరీ చెయ్యచ్చు, ఏ మందైనా రాయచ్చు. మీ అత్తగారి తరఫువాళ్లు ఈసారి అడిగితే, ట్రంప్ మొదటిసారి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్ డాక్టరుగా ఉన్న షాన్ కాన్లీ, తర్వాత బైడెన్ డాక్టర్ కెవిన్ ఓకానర్, ఇద్దరూ డీఓలే అని చెప్పండి. మా అమ్మకి నేను అదే చెప్పాను. "మరి వాళ్లు యూఎస్‌ఎంఎల్‌ఈ రాశారా?" అని అడిగింది. తెలుగు తల్లిని ఒప్పించడం అంత తేలిక కాదు.

ఈ వారం చెయ్యాల్సింది మాత్రం ఒక్కటే. అమ్మాయి ఒక కామ్‌సే, ఒక ఎన్‌బీఎంఈ ప్రాక్టీస్ పరీక్ష వేర్వేరు రోజుల్లో, ఫోన్ పక్కగదిలో పెట్టి, అసలు పరీక్షలాగా రాయనివ్వండి. స్కోర్లు మీకు చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆమెకి అభ్యంతరం లేకపోతే, ఆ రెండు స్కోర్లు, ఇరవై ప్రోగ్రాముల జాబితా ఇక్కడే కింద రాయండి. ఏ పేరు పక్కన ఎంతమంది డీఓలు ఉన్నారో కూడా. శనివారం నాకు డ్యూటీ లేదు, కూర్చుని చూస్తాను.